స్టేషన్ ముందు జనం చేరేలోగా: పోలీసు దెబ్బలకు సాక్ష్యం నిలబెట్టే పద్ధతి

లాఠీ దెబ్బకు కమిలిన చర్మం రెండు వారాల్లో మామూలు రంగుకు వచ్చేస్తుంది. స్టేషన్ కెమెరాలో పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంది. ఎదురుగా టీ కొట్టులో ఉండి అంతా చూసినవాడికి నాలుగో రోజు నుంచి ఏమీ గుర్తుండదు. ఊరికి కోపం రావడానికి ఒక పూట చాలు, చల్లారడానికి ఇంకో పూట. కేసు నిలబడుతుందా, పడిపోతుందా అన్నది జనం ఎంతమంది వచ్చారన్న దాన్ని బట్టి తేలదు. మొదటి రెండు రోజుల్లో టైము, గాయం, పేరు ఎన్ని కాగితాల మీదకు ఎక్కాయన్న దాన్ని బట్టి తేలుతుంది. ఇక్కడ రాసినది ఆ రెండు రోజుల పని, దాని తర్వాత రోడ్డు మీద చేసే పని. సెక్షన్లు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితవి. నేరాల సెక్షన్లు భారతీయ న్యాయ సంహితవి, వాటిని ఎక్కడికక్కడ చెప్పాం.

తీసుకుపోయారని తెలిసిన గంటలో

ముందు 112కి ఫోన్ చేయండి. పోలీసుల మీద పోలీసులకే ఫోనా అనిపిస్తుంది. కానీ ఆ కాల్ టైముతో సహా రికార్డవుతుంది. "ఫలానా మనిషిని ఇన్ని గంటలకు ఇక్కడి నుంచి ఇంతమంది తీసుకెళ్లారు, ఏ స్టేషన్లో ఉన్నాడో చెప్పండి" అంటే చాలు. కాల్ నంబరు అడిగి రాసుకోండి. బండి నంబరు, యూనిఫాంలో వచ్చారా మఫ్టీలోనా, పేరు బిళ్ల కనిపించిందా అన్నవి చూసినవాళ్లతో అప్పటికప్పుడే చెప్పించి వాయిస్ రికార్డు చేయండి. అవే సంగతులు నాలుగు వాక్యాల్లో ఎస్పీకి లేదా కమిషనర్‌కు, ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు కోర్టుకు ఈమెయిల్ పంపండి. హక్కుల సంఘాల వాళ్లు ఒకప్పుడు ఈ పనికి టెలిగ్రాం వాడేవారు. దాని మీద పడిన టైముకు తిరుగుండేది కాదు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిలే చేయాలి.

తర్వాత స్టేషన్‌కు ఇద్దరు వెళ్లండి. వీలైతే అందులో ఒకరు వకీలు. ఇరవై మంది వద్దు, ఆ పని తర్వాత ఉంటుంది. అడగాల్సింది ఒక్కటే: అరెస్టు చేశారా, సెక్షన్ 35(3) నోటీసు (అరెస్టు లేకుండా హాజరు కమ్మనే కాగితం) మీద పిలిచారా, సాక్షిగా 179 కింద పిలిచారా? మూడింటికీ కాగితం ఉండాలి. అరెస్టయితే సెక్షన్ 36 ప్రకారం మెమో రాసి, ఇంటివాళ్లలో ఒకరు లేదా ఊళ్లో పెద్దమనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలి, పట్టుబడినవాడి సంతకమూ ఉండాలి. సెక్షన్ 48 ప్రకారం ఇంటివాళ్లకో స్నేహితుడికో కబురు చేయాలి. సాక్షిగా పిలిచేట్లయితే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, జబ్బుతో ఉన్నవాళ్లను వాళ్ల ఇంటి దగ్గరే విచారించాలి.

"ఏం లేదమ్మా, ఊరికే మాట్లాడి పంపించేస్తాం" అన్న జవాబును నమ్మి ఇంటికి రావద్దు. మనిషి లోపల ఉన్నాడు, కాగితం మీద లేడు. కోర్టులో హాజరు పరచాల్సిన 24 గంటల లెక్క అరెస్టు చూపించిన టైము నుంచే కడతారు కాబట్టి, దెబ్బలు పడేదంతా ఈ లెక్కలేని గంటల్లోనే. మీ 112 కాల్, ఈమెయిల్ ఆ లెక్కను తిరగరాస్తాయి.

ఎక్కడున్నాడో చెప్పకపోతే దారులు రెండు. సెక్షన్ 100 కింద మేజిస్ట్రేటును అక్రమ నిర్బంధంపై సెర్చ్ వారెంట్ అడగొచ్చు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేయొచ్చు. ఇది బంధువులే వేయాలని లేదు, ఎవరైనా వేయొచ్చు. సెలవు రోజైతే హౌస్ మోషన్‌గా (జడ్జి ఇంటి దగ్గరే అత్యవసరంగా) వినమని అడగాలని వకీలుకు గుర్తు చేయండి. ఒకసారి రిమాండ్ పడితే హెబియస్ కార్పస్‌కు దాదాపు విలువ ఉండదు కాబట్టి సోమవారం దాకా ఆగితే నష్టం మీదే. వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు 15100 మీద ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితమే.

గాయం

మనిషి బయటికి వచ్చాక ఇంటికి తీసుకెళ్లి పసుపు పెట్టి పడుకోబెట్టడం మనవాళ్ల అలవాటు. ఎక్కువ కేసులు పోయేది అక్కడే. నేరుగా ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ, అంటే పోలీసు, కోర్టు అవసరం ఉన్న గాయంగా) రాయమనండి. ఎంఎల్‌సీ నంబరు తీసుకోండి. "ఎలా తగిలింది?" అని డాక్టరు అడిగినప్పుడు "పోలీసులు కొట్టారు" అని ఊరుకోకండి. ఏ స్టేషన్, ఏ రోజు, ఎన్నింటికి, దేనితో, ఎక్కడెక్కడ కొట్టారో, పేర్లు తెలిస్తే పేర్లు కూడా చెప్పండి. డాక్టరు రాసే ఆ రెండు వరుసలు తర్వాత మీరు రాసే పది పేజీల ఫిర్యాదు కన్నా బరువైనవి, ఎందుకంటే అవి తగువు మొదలు కాకముందు రాసినవి. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటే మాట వినపడనంత దూరం పంపమని డాక్టర్నే అడగండి. అత్యవసరమైతే ప్రైవేటు ఆసుపత్రి కూడా "పోలీసు కేసు, మేం చూడం" అనడానికి లేదు. 1989లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది.

డాక్టరుకు చూపించాల్సిన చోట్లు: అరికాళ్లు, పిక్కలు, తొడల వెనుక, పిరుదులు, భుజాల కీళ్లు, మణికట్లు, చెవులు. అరికాళ్ల మీద కొడితే చర్మం చిట్లదు, వాపు మాత్రమే ఉంటుంది. నడిపించి చూస్తే తెలుస్తుంది. చేతులు వెనక్కి కట్టి వేలాడదీస్తే భుజాలు పైకి లేవవు. చెంపదెబ్బలకు కర్ణభేరి చిరుగుతుంది, ఈఎన్‌టీ డాక్టరు చూస్తే తప్ప కనపడదు. రోకలి లాంటిది తొడల మీద దొర్లిస్తే పైకి గీత కూడా ఉండదు.

ఇది సాక్ష్యం కోసం కాదు, ప్రాణం కోసం: పిక్కలు, తొడల కండరాలు బాగా నలిగితే ఆ కండరంలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బ తీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, బాగా తగ్గినా ఒక్క గంట ఆగొద్దు. సీపీకే (కండరం నలిగితే రక్తంలో పెరిగేది), సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయమనండి. "కొట్టి రెండు రోజులైంది, బాగానే నడిచాడు, మూడో రోజు పోయాడు" అని వినే చావుల్లో ఇదొక కారణం. అదే సీపీకే రిపోర్టు రేపు కోర్టులో, "పడిపోయాడు" అన్న మాటకు జవాబు కూడా అవుతుంది.

ఫోటోలకు ఒక వరస ఉంది. ముందు ముఖమూ గాయమూ కలిసి కనిపించేలా దూరం నుంచి. తర్వాత ఆ అవయవం మొత్తం. చివర దగ్గరగా, పక్కన స్కూలు స్కేలు పెట్టి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ తీసేయండి. లోతు దెబ్బలు ఒకటి రెండు రోజులు గడిస్తేగానీ పైకి తేలవు. కాబట్టి ఒకటో, రెండో, మూడో, ఐదో రోజుల్లో మళ్లీ తీయండి. ఫైలును వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి, తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి. తీసిన ఫోన్‌లో అసలు ఫైలు కదపకుండా ఉంచి, ఈమెయిల్‌లో గానీ డాక్యుమెంటుగా గానీ నకలు పంపండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరస) రాయాలి. ఫోన్ అమ్మేసినా, రీసెట్ చేసినా కష్టమే.

కొట్టినప్పటి బట్టలు ఉతకొద్దు. నెత్తురు తడి ఆరబెట్టి పేపరు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది.

మనిషి పరిస్థితి బాగోలేదనిపిస్తే డ్యూటీ డాక్టరును మేజిస్ట్రేటుకు కబురు పెట్టమని రాతపూర్వకంగా అడగండి. మేజిస్ట్రేటు వచ్చేలోపు, డాక్టరు పక్కన ఉండగా, మనిషి తన మాటల్లో చెప్పేది ఒకే షాట్‌గా వీడియో తీయండి. మీరు మధ్యలో మాటలు అందించకండి. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లిన ఒక కూలీ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. మంచం మీద ఉండగా అతను మాట్లాడిన వీడియో మిగిలింది. హైకోర్టు ఆ కేసును తనంతట తానే చేపట్టింది.

వదిలేటప్పుడు ఒక కాగితం, రిమాండ్‌లో ఒక ప్రశ్న

స్టేషన్ నుంచి పంపించేటప్పుడు ఇంటివాళ్ల దగ్గర ఒక రసీదు తీసుకుంటారు: "మా వాణ్ణి ఆరోగ్యంగా అప్పగించారు, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు." మనిషి చేతికొస్తే చాలన్న ఆత్రంలో అందరూ సంతకం పెట్టేస్తారు. సంతకం పెట్టక తప్పకపోతే పైన మీ చేత్తో "కుంటుతున్నాడు, ఎడమ చెయ్యి లేవడం లేదు" అని, టైము వేసి, అప్పుడు పెట్టండి. తెల్ల కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

రిమాండ్‌కు తీసుకెళ్తే మేజిస్ట్రేటు ముందు చెప్పే మాట కీలకం. "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. ముందే బెదిరించి తెస్తారు కాబట్టి చాలామంది "లేదు సార్" అంటారు. ఆ రెండు మాటలు ఆర్డరులో ఎక్కితే తర్వాత తుడవడం చాలా కష్టం. వకీలు ఉంటే గాయాల మీద మెమో వేసి, సెక్షన్ 53 వైద్య పరీక్ష నివేదిక నకలు అడగాలి. ఆ నకలు నిందితుడికో, అతను చెప్పినవాళ్లకో ఇవ్వాల్సిందే. కోర్టులో నోరు పెగలకపోతే ఇంకో అవకాశం జైలు గేటు దగ్గర ఉంది. లోపలికి తీసుకునే ముందు జైలు డాక్టరు ఒంటి మీది గాయాలన్నీ రాస్తాడు. అక్కడ చొక్కా విప్పి చూపించమని ములాఖత్‌లో మనిషికి చెప్పండి.

1996 డిసెంబరు 18న డీకే బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో కస్టడీలో ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష చేయించాలన్నదీ ఉంది. పోలీసు కస్టడీకి తీసుకున్న రోజుల్లో దీన్ని పట్టుబట్టి అడగాలి.

కెమెరా

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేట్లు, లాకప్‌లు, వరండా, రిసెప్షన్, సీఐ, ఎస్సై గదులు, వెనక భాగం అన్నీ కనపడేలా, రాత్రిపూట కూడా పనిచేసే, మాట వినపడే కెమెరాలు పెట్టమంది. రికార్డు 18 నెలలు ఉంచాలి, అది కుదరకపోతే ఎంత లేదన్నా ఏడాది. ఇది తీర్పు. జరిగేది వేరు. అదే ఏడాది జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళం స్టేషన్లో తండ్రీకొడుకుల మీద జరిగిన దాష్టీకాన్ని విచారించడానికి వెళ్లిన మేజిస్ట్రేటు చూసింది ఇది: హార్డ్‌డిస్క్‌లో ఒక టెరాబైట్ జాగా ఉంది, రికార్డు మాత్రం ఏ రోజుకారోజు చెరిగిపోయేలా సెట్టింగ్ ఉంది.

కాబట్టి 18 నెలలు ఉంటుందిలే అనుకోవద్దు. మరుసటి రోజే ఎస్పీకి, స్టేషన్ అధికారికి "ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు, గేటు, లాకప్, వరండా, ఎస్సై గది కెమెరాల రికార్డు భద్రపరచండి" అని రాసి రసీదు తీసుకోండి. ఇవ్వమని కాదు, భద్రపరచమని. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న సెక్షన్ 7(1)ను అందులో పైనే రాయండి. దర్యాప్తుకు అడ్డం అంటూ 8(1)(హెచ్) చూపించి తిరస్కరించడం మామూలే. ఆ తిరస్కరణ కాగితం కూడా పనికొస్తుంది. రికార్డు ఉందని ఒప్పుకున్నట్టే కదా. రేపు "కెమెరా చెడిపోయింది" అంటే ముందు చెప్పిన మాట చూపించొచ్చు. స్టేషన్ ఎదురు దుకాణాల కెమెరాల్లో చాలావరకు రెండు మూడు వారాలకు మించి నిలవ ఉండదు. వాటిని ముందు చూసుకోండి.

ఫిర్యాదు వెళ్లాల్సిన దారి

ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటొద్దు. తేదీ, టైము, చోటు, ఎవరు, దేనితో, ఎంతసేపు, ఎవరు చూశారు, ఎంఎల్‌సీ నంబరు, అంతే. "రాక్షసంగా", "అమానుషంగా" అన్న మాటలు తీసేసి ఆ జాగాలో టైము రాయండి. నేరం ఒప్పించడానికి కొట్టడం న్యాయ సంహిత సెక్షన్ 120: మామూలు గాయానికి ఏడేళ్ల వరకు, తీవ్ర గాయానికి పదేళ్ల వరకు శిక్ష. అక్రమంగా ఉంచడం 127. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం కింద రాయమని అడగండి. ప్రాథమిక విచారణ పేరుతో ఎఫ్ఐఆర్ ఆపడానికి లేదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి.

అదే స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా రాయాలి. తీసుకోకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. ఆ రసీదూ, అందినట్టు రుజువూ లేకుండా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే మొదటి వాయిదాలోనే వెనక్కి వస్తుంది. మేజిస్ట్రేటు ముందు 175(3) కింద పిటిషన్‌కు అఫిడవిట్ తప్పనిసరి. కొత్త చట్టంలో 175(4) అని ఒక మెలిక పెట్టారు: విధి నిర్వహణలో జరిగిన పనిపై ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు వస్తే, పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ చూశాకే దర్యాప్తుకు ఆదేశించొచ్చు. అందుకే మొదటి ఫిర్యాదులోనే "అరెస్టు చూపించకుండా, నోటీసు లేకుండా, స్టేషన్ వెనక గదిలో" లాంటి వివరాలు ఉండాలి. అది విధి నిర్వహణ కాదని ఆ వివరాలే చెప్పాలి. ప్రాసిక్యూషన్ అనుమతి (ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి) దగ్గర మళ్లీ ఇదే వాదన వస్తుంది. సెక్షన్ 218 కింద 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే.

మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అదే ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ ఒకేసారి పంపుతారు. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయంలోకి జాతీయ కమిషన్ రాదు. ఒకటి ఎంచుకోండి. 2006 ప్రకాశ్ సింగ్ తీర్పుతో వచ్చిన పోలీసు ఫిర్యాదుల అథారిటీకి కూడా రాయొచ్చు. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కోర్టు దారి వదలొద్దు.

లాకప్‌లో చావు జరిగితే

స్టేషన్ వాళ్లు మామూలుగా సెక్షన్ 194 కింద అనుమానాస్పద మృతి అని రాసి, గుండెపోటో ఉరో అంటారు. మీరు అడగాల్సింది 196(2): కస్టడీ మరణంపై పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. ఆర్డీవోతోనో తహసీల్దారుతోనో శవ పంచనామా కానిచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు, జుడీషియల్ మేజిస్ట్రేటు రావాలి. ఆ విచారణ దగ్గర బంధువులు ఉండొచ్చు. శవాన్ని ముట్టుకోకముందే, బట్టలతో ఒకసారి, బట్టలు లేకుండా ఒకసారి, ముందూ వెనకా ఫోటోలు తీయించండి. పోస్ట్‌మార్టం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995 నుంచే చెబుతోంది. ఒక్క డాక్టరు కాకుండా ఫోరెన్సిక్ డాక్టర్ల బృందంతో, జిల్లా ఆసుపత్రిలో కాక మెడికల్ కాలేజీలో చేయించమని కలెక్టర్‌కు రాసివ్వండి.

రిపోర్టు మీద ఏమాత్రం అనుమానం ఉన్నా దహనం చేయొద్దు, పూడ్చిపెట్టండి. ఆచారం వేరని పెద్దలు అభ్యంతరం చెబుతారు, బతిమాలైనా ఒప్పించాలి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు, పూడ్చిన శవాన్ని వెలికితీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేయమని తెలంగాణ హైకోర్టు ఆదేశించగలిగింది. బూడిదైపోతే ఏ కోర్టు ఏం చేయగలదు?

పరిహారం మాట అంత్యక్రియల లోపే ఎవరో ఒకరు తెస్తారు. 1993 నీలబతి బెహరా తీర్పు ప్రకారం కస్టడీ చావుకు పరిహారం కుటుంబానికి హక్కు. అది క్రిమినల్ కేసుకు బదులు కాదు. డబ్బు తీసుకునే కాగితంలో "ఇక ఏ కేసూ పెట్టం" అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి.

రోడ్డెక్కే ముందు

కాగితాలు కదిలాక జనం అవసరం. జనం కదలకపోతే కాగితాలు బీరువాలోనే ఉంటాయి, అదీ నిజమే. అయితే స్టేషన్ మీద ఒక్క రాయి పడగానే కథ మారిపోతుంది. లాకప్ దెబ్బల కేసు పక్కకు పోయి అల్లర్ల కేసు ముందుకొస్తుంది. న్యాయ సంహిత 189 (చట్టవిరుద్ధ గుంపు), 191 (అల్లర్లు), 132 (విధుల్లో ఉన్న ఉద్యోగిపై దాడి) సెక్షన్లు, 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల ధ్వంసం చట్టం కలిపి రాస్తారు. "మరికొందరు" అన్న మాట ఎఫ్ఐఆర్‌లో పెట్టి ఎవరినైనా చేర్చే జాగా ఉంచుకుంటారు. ముందుగా చేరేది మీ ప్రత్యక్ష సాక్షులే. సాక్షి నిందితుడైతే అతని మాటకు కోర్టులో విలువ సగానికి పడిపోతుంది. అందుకే చూసినవాళ్లను ఆ రోజు ధర్నాకు రానివ్వకండి, ఇంట్లోనే ఉంచండి.

మండలంలో సెక్షన్ 163 (పాత 144) గానీ, సభలు, ఊరేగింపులకు పోలీసు అనుమతి కావాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 గానీ అమల్లో ఉందేమో ముందు కనుక్కోండి. మన దగ్గర సెక్షన్ 30 ఏడాదిలో చాలా రోజులు అమల్లోనే ఉంటుంది. డీఎస్పీ లేదా ఏసీపీకి దరఖాస్తులో తేదీ, మొదలయ్యే, ముగిసే టైము, చోటు, ఎంతమంది, మైకు కావాలా, బాధ్యులు ఎవరు అన్నవి రాయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఉండదు. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి, దాని మీద హైకోర్టుకు వెళ్లొచ్చు. హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్ మూసేసినప్పుడు 2018లో తిరిగి తెరిపించింది అలాంటి పిటిషన్లే. ఆంబులెన్సుకు దారి వదలండి. శవంతో రాస్తారోకో మాత్రం పోస్ట్‌మార్టం ఆలస్యం చేస్తుంది, కుళ్లిన శరీరంలో కమిలిన గుర్తులు దొరకవు. ఆ నష్టం మీకే.

గుంపులో నలుగురికి పని అప్పగించండి. ఇద్దరు రెండు వైపుల నుంచి ఆపకుండా వీడియో తీయాలి. ఒకరు పట్టుకెళ్లినవాళ్ల పేర్లు, బండి నంబర్లు రాయాలి. ఒకరు గుంపుకు దూరంగా ఉండి వకీలుతో ఫోన్లో ఉండాలి. ముందస్తుగా పట్టుకెళ్తే సెక్షన్ 170 కింద 24 గంటలే. ఫోన్ లాక్కుంటే జప్తు కాగితం అడగండి. స్టేషన్లో వీడియో తీయడం అధికార రహస్యాల చట్టం కింద నేరం అంటూ బెదిరిస్తే, ఆ చట్టంలోని నిషిద్ధ స్థలాల్లో పోలీస్ స్టేషన్ లేదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పిందని గుర్తు చేయండి. లైంగిక దాడి ఉంటే బాధితురాలి పేరు, ఫోటో బ్యానర్ మీద వేయొద్దు, అది న్యాయ సంహిత 72 కింద నేరం.

జనం ఎప్పుడూ దెబ్బలు తిన్నవాడి వైపే ఉంటారనీ అనుకోవద్దు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను కాల్చి చంపితే పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులను విచారించమని 2022లో చెప్పేనాటికి ఆ జనం అక్కడ లేరు.

"జుడీషియల్ కమిషన్ వేస్తాం" అంటే

ధర్నా ఆపడానికి ప్రభుత్వం ఇచ్చే మొదటి హామీ ఇదే. అక్కడితో ఇళ్లకు పోవద్దు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త అయిన రిక్షా కార్మికుడి మరణంతో నగరం అట్టుడికింది, కాల్పులు, కర్ఫ్యూ దాకా వెళ్లింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులంది. విచారణ కర్ణాటకలోని రాయచూర్‌కు మారింది, 1981లో వాళ్లంతా నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ నివేదిక క్రిమినల్ కోర్టులో నేరానికి రుజువు కాదు. కమిషన్‌తో పాటు ఎఫ్ఐఆర్, వేరే జిల్లా అధికారులతో దర్యాప్తు, ఫిర్యాదులో పేర్లున్న పోలీసులను ఆ స్టేషన్ నుంచి బదిలీ చేయడం, ఈ మూడూ రాతలో వచ్చేదాకా ఉండండి.

ఈలోగా సాక్షులను 183 కింద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించండి. బెదిరింపులు ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే అధికార సంఘానికి దరఖాస్తు పెట్టాలి. ఫోన్ బెదిరింపు వచ్చిన నంబరు, టైము, ఆ రోజే రాసి జత చేయండి.